పారిపోయే దారి

మా ఇంట్లో జాగ్వార్ సిక్లిడ్లు ఉన్నాయని చెబితే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "కరుస్తాయా?" కరుస్తాయి. అద్దం తుడవడానికి చెయ్యి ముంచితే వచ్చి పట్టుకుంటాయి. గాయం పెద్దదేం కాదు గానీ, ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంటాం, చొక్కా తడుస్తుంది, చేప మాత్రం పని పూర్తయినట్టు వెనక్కి వెళ్లి తన రాతి పక్కన నిలబడుతుంది. కాస్త చనువున్నవాళ్లు రెండో ప్రశ్న కూడా వేస్తారు. "ఇంత క్రూరమైన వాటిని ఎందుకండీ పెంచడం, హాయిగా గోల్డ్ ఫిష్ పెంచుకోక?" మొదటిదానికి జవాబు తేలిక. రెండోదాని దగ్గర మాత్రం నేను ఆగిపోతాను. క్రూరం అంటున్నది చేపనా, తొట్టినా అన్నది ముందు తేలాలి కదా.

సిక్లిడ్లు మనకు మరీ కొత్త ముఖాలేం కావు. చేపల బజారులో చవగ్గా దొరికే తిలాపియా సిక్లిడే. ఆఫ్రికాకు చెందిన ఆ చేపను 1952లో మన దేశానికి తెచ్చారు. దాని జోరు చూసి 1959లో ఇక కొత్తగా ఎక్కడా పెంచవద్దన్నారు. అప్పటికే అది ఎవరి మాటా వినే స్థితిలో లేదు. కేరళవాళ్లు మసాలా పట్టించి అరిటాకులో చుట్టి కాల్చే కరిమీన్ కూడా ఈ కుటుంబమే. అది మాత్రం అచ్చంగా ఈ నేల చేప, మన పులికాట్ సరస్సులోనూ ఉంటుంది. మిగతా బలగంలో చాలా భాగం ఆఫ్రికా సరస్సుల్లోనూ, దక్షిణ, మధ్య అమెరికాల నదుల్లోనూ ఉంది. అందులోనే వేటాడి బతికే భారీ రకాలు ఉన్నాయి. అమెజాన్ నుంచి వచ్చిన ఆస్కార్, పీకాక్ బాస్. నికరాగ్వా ప్రాంతం నుంచి వచ్చిన జాగ్వార్, దాని పెద్దన్న డోవీ. జాగ్వార్‌కు 1867లో ఆల్బర్ట్ గుంథర్ పెట్టిన శాస్త్రీయ నామంలో మనాగ్వా సరస్సు పేరుంది. వెండి రంగు ఒంటి మీద నల్లటి, ఊదా మచ్చలు. మగది తొట్టిలోనే నలభై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. డోవీ అయితే సొంత నీళ్లలో డెబ్భై దాకా వెళ్తుంది.

ఈ చేపల గురించి మాట్లాడేటప్పుడు జనం రెండు విషయాలను కలిపేస్తారు. తినడం వేరు, తరమడం వేరు. చిన్న చేపను మింగే జాగ్వార్‌కు దాని మీద కోపం లేదు. ఆ సమయంలో దాన్ని గమనిస్తే రంగు మారదు, రెక్కలు విచ్చుకోవు, మొప్పలు లేవవు. నెమ్మదిగా జరుగుతూ వచ్చి, నోరు ముందుకు సాచి, నీటితో సహా లోపలికి పీల్చేస్తుంది. అంతే, భోజనం. ఆఫ్రికాలోని మలావీ సరస్సులో ఒక సిక్లిడ్ అయితే చచ్చినట్టు అడుగున పక్కకు ఒరిగి పడుకుంటుంది. ఒళ్లంతా కుళ్లినట్టు మరకలు. శవాన్ని కొరుకుదామని చిన్న చేపలు దగ్గరికి రాగానే శవం నోరు తెరుస్తుంది. ఇందులో నటన ఉంది, ఆకలి ఉంది, ద్వేషం మాత్రం ఎక్కడా లేదు. వేటాడే సిక్లిడ్ ఒంటి మీద పగ కనిపించేది తాను తినని చేప ఎదురైనప్పుడు: తన జాతివాడు, తనంత పొడవున్నవాడు, తన చోటు మీద కన్నేసినవాడు. తొట్టిలో ఎక్కువసార్లు ఆ చేప దాని పెళ్లామే.

ఈ పగకు కూడా ఒక పద్ధతి ఉంది. రెండు మగ సిక్లిడ్లు ఎదురుపడితే ముందు జరిగేది పోరు కాదు, కొలతలు. రెక్కలన్నీ విప్పి, మొప్పల మూతలు పైకెత్తి, పక్కకు తిరిగి ఎవరి నిడివి ఎంతో చూపించుకుంటాయి. తర్వాత తోకతో నీళ్లను ఎదుటిదాని మీదికి కొడతాయి. ఒంటి పక్కన సాగే గీతతో చేప నీటి కదలికను పసిగడుతుంది కాబట్టి, ఆ దెబ్బ తగిలిన తీరును బట్టే అవతలివాడి సత్తా ఎంతో తెలిసిపోతుంది. అక్కడా తేలకపోతే నోరూ నోరూ కరుచుకుని లాగులాట. చూసేవాళ్లకు భయంగా ఉంటుంది కానీ, ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాదు. చివరికి ఒకటి రెక్కలు ముడుచుకుంటుంది, రంగు వెలిసిపోతుంది, పక్కకు తప్పుకుని వెళ్లిపోతుంది. గెలిచింది నాలుగు బారల దూరం తరిమి, వెనక్కి వచ్చి తన రాయి చూసుకుంటుంది. సరస్సులో ఈ తగాదాలు రోజూ జరుగుతుంటాయి, శవాలు మాత్రం అరుదు.

మొత్తం వ్యవహారం నిలబడింది ఆ వెళ్లిపోవడం మీద. తొట్టిలో లేనిది అదొక్కటే. ఓడిన చేప అద్దం దాకా వెళ్లి ఆగుతుంది. గెలిచినదానికి అద్దం సంగతి తెలియదు. ఇంకా నా ఎదుటే ఉన్నాడంటే ఓటమి ఒప్పుకోలేదన్నమాట అనుకుని మళ్లీ కొడుతుంది. ఓడినది ఇంకో మూలకు పోతుంది, అదీ గెలిచినదాని హద్దే. రాత్రి లైటు ఆర్పేసి మనం పడుకుంటాం. పొద్దున చూస్తే హీటరు వెనక, నీటి పైమూలలో, రెక్కలు పీలికలై ఒక చేప తేలుతూ ఉంటుంది. కొట్టిన చేప తన జాతి తరతరాలుగా చేస్తున్న పనే చేసింది. పోరుకు ముగింపు లేకుండా చేసింది మనం కొనితెచ్చిన గాజు.

అందుకే ఈ చేపల పెంపకంలో చెయ్యి తిరిగినవాళ్లు చేసేదంతా ఒకటే పని: పారిపోయే దారి కల్పించడం. మిగతాదంతా నీళ్లు మోయడం.

ఆ నీళ్లు మోయడం గురించీ చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో ఎవరూ చెప్పరు. ఒక జాగ్వార్ జంటకు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టి కావాలి. ఇది గొప్ప కోసం చెప్పే కొలత కాదు, కనీసం. అంటే ఇరవైనాలుగు ఘనపుటడుగులు, దాదాపు 680 లీటర్లు. నీరు లీటరుకు కిలో కాబట్టి 680 కిలోలు. గాజు, ఇసుక, రాళ్లు, ఇనుప స్టాండు కలిపితే ఇంకా పైకి. అద్దె ఫ్లాటులో ఇంతటి బరువును గది మధ్యన కాకుండా, కింద దూలం ఉన్న గోడ వారన పెట్టాలి. గాజు కింద థర్మోకోల్ షీటు పరవకపోతే స్టాండులో ఉన్న చిన్న ఎగుడుదిగుడు చాలు, అడుగు పగలడానికి.

ఇక నీటి లోపలి సంగతి. మాంసం తినే చేప వదిలే వ్యర్థం నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, కొంతవరకు అది ఫర్వాలేదు. ఈ బ్యాక్టీరియా ఫిల్టరులోని స్పాంజీ మీద స్థిరపడటానికి నెల, నెలన్నర పడుతుంది. కొత్త తొట్టిలో మొదటి రోజే చేపలు వేసి, వారానికే అవి చచ్చిపోతే దిష్టి తగిలిందనుకునే ఇళ్లు నాకు తెలుసు. స్థిరపడ్డాకైనా కరెంటు పోయి నీరు ఆడకపోతే ఊపిరాడక బ్యాక్టీరియా చస్తుంది. కాబట్టి మా ఇంట్లో ఇన్వర్టరు మీద మొదటి హక్కు ఫ్యానుకు లేదు. మిగిలిన నైట్రేట్‌ను తీసేది బకెట్టే. వారం వారం మూడోవంతు నీళ్లు తోడి కొత్తవి పోయాలి. కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు కలపాలి. ఒక్క విషయంలో మాత్రం హైదరాబాదు నా పక్షాన ఉంది. గీజరు కాయిలు మీద తెల్లగా పేరుకునే సున్నం ఉన్న మా బోరు నీళ్లంటే జాగ్వార్‌కు ఎంతో ఇష్టం. అది పుట్టిన చోట నీళ్లు కూడా కఠిన జలాలే. ఈ ఊళ్లో బోరు నీటిని మెచ్చుకునే ప్రాణి నాకు తెలిసి అదొక్కటే.

మేత దగ్గర ఒక మాట. జాగ్వార్ వేట చేప కదా అని బతికున్న గోల్డ్ ఫిష్‌ను వేసి, చుట్టాలను పిలిచి చూపించే సరదా ఒకటుంది. నాకది నచ్చదు. నీతి సంగతి పక్కన పెట్టినా, గోల్డ్ ఫిష్ ఒంట్లో బి1 విటమిన్‌ను చెడగొట్టే పదార్థం ఉంటుంది. అదే రోజూ తినే చేప నీరసించిపోతుంది. పైగా దుకాణం తొట్టిలోని రోగాలన్నీ ఆ చిన్న చేపతో పాటు ఇంటికి వస్తాయి. పెల్లెట్లు, బజారు రొయ్యలు, వానపాములు చాలు. తప్పించుకునే వీలు లేని చోట జరిగేదాన్ని వేట అనడానికి నాకు నోరు రాదు.

జంట కట్టించడమే అసలు కష్టం. పెద్ద మగచేపను, పెద్ద ఆడచేపను తెచ్చి ఒకే తొట్టిలో వేస్తే సంబంధం కుదరదు, హత్య జరుగుతుంది. ఆరేడు పిల్లలను కలిపి పెంచి, వాటిలో రెండు తమంతట తాము కలిసేదాకా ఆగాలి. అవి కలిసిన రోజున మిగతావాటి పని అయిపోతుంది, వెంటనే వేరే తొట్టికి మార్చాలి. మార్చి జంటను ఏకాంతంగా వదిలేశామా, అక్కడ ఇంకో చిత్రం. బయట తరమడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి మగది ఆడదాని మీద పడుతుంది. అందుకని పెంపకందార్లు గాజు గోడకు అవతల ఇంకో గట్టి చేపను ఉంచుతారు. దాన్ని టార్గెట్ ఫిష్ అంటారు. అది కనిపిస్తున్నంతకాలం మొగుడూ పెళ్లాం ఒకటై అద్దం మీదికి దూకుతాయి. పక్కింటివాళ్ల మీద ఇద్దరూ కలిసి విసుక్కునే దంపతులు తమలో తాము తక్కువ పోట్లాడుకుంటారని మన వీధుల్లోనూ గమనించవచ్చు.

దీన్ని చక్కగా రాసినవాడు కోన్‌రాడ్ లోరెంజ్. జంతువుల నడవడి మీద చేసిన పనికి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ఆస్ట్రియా శాస్త్రవేత్త. పక్కపక్క అరల్లో రెండు సిక్లిడ్ జంటలు. మధ్య అద్దం మీద నాచు పట్టి పొరుగువాడు మసకబారిన కొద్దీ మగచేప సొంత భార్య మీద విసుగు చూపిస్తుంది. అద్దం తుడిచి పొరుగువాణ్ని మళ్లీ కనబడనిస్తే కాపురం చక్కబడుతుంది. దూకుడు మీద 1963లో రాసిన పుస్తకంలో లోరెంజ్ ఈ సంగతి చెప్పి, దాన్ని మనుషుల దాకా లాగుతాడు. అక్కడ నేను ఆయనతో నడవను. 1938లో నాజీ పార్టీలో చేరిన మనిషి అని మర్చిపోలేను. చేపల మీద ఆయన మాట వింటాను. మనుషుల మీద వినను.

టార్గెట్ ఫిష్ కంటే నాకు నచ్చిన ఉపాయం తెర. దీపాల కింద బిగించే ప్లాస్టిక్ జాలీ పలకను తొట్టికి అడ్డంగా నిలబెట్టి, దానిలో ఆడచేప మాత్రమే పట్టే రంధ్రం కోస్తారు. మగది ఎప్పుడూ పెద్దది, తల కూడా దూరదు. ఆడది ఇష్టమైనప్పుడు అవతలికి వెళ్తుంది, పరిస్థితి బాగాలేదనిపిస్తే ఇవతలికి వచ్చేస్తుంది. చూడటానికి అందంగా ఉండదు, కొలనులా అలంకరించుకున్నవాళ్లకు అసలే నచ్చదు. కానీ సరస్సు ఇచ్చే దూరాన్ని గాజులో ఇంతకంటే చవగ్గా ఎవరూ ఇవ్వలేరు. విచిత్రమేమిటంటే, ఆ రంధ్రం ఉందని తెలిశాక ఆడది దాన్ని వాడేది తక్కువ. మగది కూడా మెత్తబడుతుంది. దారి ఉంటే చాలు, ప్రతిసారీ పారిపోనక్కర్లేదు.

అప్పుడు గుడ్లు పడతాయి. ఓరగా ఆనించిన పలక రాతిని రెండూ కలిసి నోటితో గీకి శుభ్రం చేస్తాయి. ఆడది వరసలు వరసలుగా గుడ్లు అంటిస్తుంది, మగది వెనకాలే వస్తూ వాటిని ఫలదీకరిస్తుంది. వందల్లో ఉంటాయి, ముదురు జంటయితే వెయ్యి దాటుతాయి. ఆడది రెక్కలతో వాటి మీద నీటిని ఆడిస్తూనే ఉంటుంది. బూజు పట్టి తెల్లబడ్డ గుడ్డును ఒక్కటొక్కటే ఏరి తీసేస్తుంది. మూడు రోజులకు గుడ్లు చిట్లుతాయి. ఇసుకలో ముందే తవ్వి పెట్టిన గుంటలోకి పిల్లల్ని నోటితో మోసుకెళ్తాయి. మరికొన్ని రోజులకు అవి ఈదడం మొదలెడితే, మబ్బులా కదిలే ఆ గుంపు చుట్టూ తల్లీ తండ్రీ వంతులవారీగా కాపలా. దారి తప్పిన పిల్లను తండ్రి పీల్చి నోట్లోకి తీసుకుని, గుంపు దగ్గరికి తెచ్చి ఉమ్ముతాడు. అదే నోరు. పొద్దున రొయ్యను తొక్కతో సహా నమిలిన నోరు.

ఇది ఎలా సాధ్యమో కారెల్ లీమ్ 1973లో రాసిన వ్యాసం వల్ల నాకు అర్థమైంది. సిక్లిడ్‌కు గొంతులో ఇంకో జత దవడలు ఉంటాయి. నమలడం, నలగ్గొట్టడం వాటి పని. ఆ చాకిరీ అటు పోయింది కాబట్టి ముందు దవడలకు తీరిక దొరికింది. పట్టుకోవడం, తవ్వడం, గీకడం, మోయడం అవి నేర్చుకున్నాయి. లోరెంజ్ ఇంకో పుస్తకంలో జ్యూవెల్ చేప అనే సిక్లిడ్ తండ్రిని ఒకదాన్ని వర్ణిస్తాడు. సాయంత్రం పిల్లల్ని గూటికి చేరవేస్తున్న ఆ తండ్రి వానపాము ముక్కను నోట్లో పెట్టుకుని నములుతుండగా ఒక పిల్ల ఎదురైంది. దాన్నీ నోట్లోకి తీసుకుంది. ఇప్పుడు నోట్లో రెండు: ఒకటి కడుపులోకి పోవాలి, ఒకటి గూటికి పోవాలి. చేప కదలకుండా నిలబడిపోయింది. తర్వాత రెండింటినీ ఉమ్మేసింది. పిల్ల మీద ఒక కన్ను ఉంచి నిదానంగా పామును తిన్నది, ఆ పైన పిల్లను నోట పెట్టుకుని ఇంటికి వెళ్లింది. చూస్తున్న విద్యార్థులు చప్పట్లు కొట్టారట. నేనక్కడ ఉంటే నేనూ కొట్టేవాణ్ని.

సరస్సులో మాత్రం చోటు పుష్కలంగా ఉందని కాదు. మనాగ్వా దగ్గర హీలోవా అనే అగ్నిపర్వత బిలపు సరస్సు ఉంది. గుడ్లు పెట్టడానికి రాతి సందులు అక్కడ తక్కువ, ఆశించేవాళ్లు ఎక్కువ. కెన్నెత్ మెకే అనే పరిశోధకుడు ఆ నీళ్లలో మునిగి చూసి 1977లో ఒక వింత ప్రకటించాడు. వేటాడే డోవీ పిల్లలకు వేరే జాతి శాకాహార సిక్లిడ్ మగచేపలు కాపలా కాస్తున్నాయి. పెద్దయ్యాక తమనే తినగల చేప పిల్లల్ని! మెకే ఇచ్చిన వివరణ: డోవీ ఎక్కువగా తినేది ఆ శాకాహార చేపతో రాతి సందుల కోసం పోటీపడే మరో చిన్న సిక్లిడ్‌ను. డోవీలు బతికితే పోటీ తగ్గి, సందులు తమకు దొరుకుతాయి. ఇరుకు అక్కడా ఉంది. కానీ దూరం జరిగి ఆలోచించుకోవడానికి లోతు కూడా ఉంది కాబట్టి, ఆ ఇరుకులోంచి అంత దూరపు లెక్క పుట్టింది. నా ఆరడుగుల తొట్టిలో అలాంటి పొత్తు ఎన్నటికీ పుట్టదు.

పిల్లలు ఈదాక మొదలయ్యే సమస్యను గురించి పెంపకందార్లు తక్కువ మాట్లాడతారు. ఉప్పునీటిలో పొదిగించిన ఆర్టీమియా అనే అతిచిన్న రొయ్యలాంటి జీవుల్ని వేస్తే పిల్లలు ఇట్టే ఎదుగుతాయి. ఎదిగిన కొద్దీ పెద్దది చిన్నదాన్ని మింగుతుంది. పరిమాణాన్ని బట్టి వేరుచేస్తూ పోతే వందల పిల్లలు మిగులుతాయి. వాటిలో ప్రతి జంటకూ ఒక 680 లీటర్లు కావాలి. ఎవరిస్తారు? దుకాణాలు కొన్ని తీసుకుంటాయి, స్నేహితులు కొన్ని తీసుకుంటారు, ఆ తర్వాత ఎవరూ ఫోనెత్తరు. అందుకే నేను చాలా ఈతలను గుడ్ల దశలోనే రాతితో సహా తీసేస్తాను. విని మొహం చిట్లించేవాళ్లు ఉంటారు. చెరువులో వదిలేయడం దయ అనుకునేవాళ్లకంటే నేను నయమనే నా నమ్మకం.

పనామాలోని గటూన్ సరస్సుకు ఆ దయ ఏమిటో తెలుసు. 1967 ప్రాంతంలో ఒక చెరువులోంచి పీకాక్ బాస్‌లు తప్పించుకుని చాగ్రెస్ నది గుండా ఆ సరస్సులోకి చేరాయి. 1973లో జారెట్, పెయిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో రాసేనాటికి అవి చేరిన చోటల్లా స్థానిక చిన్న చేపలు చాలావరకు కనుమరుగైపోయాయి, వాటిని నమ్ముకున్న పక్షుల దాకా దెబ్బ తగిలింది. అక్కడి చేపలకు ఆ వేటగాడు కొత్త, దాని నుంచి తప్పుకునే విద్య వాటికి రాదు. మన కాలువల్లో, చెరువుల్లో జాలర్ల వలలు చింపుతున్న దెయ్యం చేప కూడా అక్వేరియంలో నాచు తినడానికి తెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేపే. దాన్ని నీళ్లలో వదిలినవాళ్లంతా బహుశా పుణ్యం చేశామనుకునే ఇంటికి వెళ్లి ఉంటారు.

ఫ్లవర్‌హార్న్ సంగతి చెప్పకపోతే తెలుగు ఇళ్ల కథ పూర్తికాదు. 1990ల్లో మలేషియాలో మధ్య అమెరికా సిక్లిడ్లను సంకరం చేసి పుట్టించిన చేప అది. ఏ నదిలోనూ సహజంగా పుట్టింది కాదు. నుదుటి మీద బొడిపె ఎంత పెద్దదయితే ఇంటికి అంత కలిసొస్తుందని వాస్తు పేరుతో అమ్ముతారు. రెండడుగుల తొట్టిలో ఒంటరిగా, రాయి కూడా లేకుండా, అద్దంలోని తన నీడనే శత్రువనుకుని కొడుతూ బతికేస్తుంది. యజమాని దాన్ని హుషారు అనుకుంటాడు. ఇన్ని భారీ సిక్లిడ్లలో నాకు జాలేసేది దాన్ని చూస్తేనే.

దుకాణంలో రెండంగుళాల ఆస్కార్ పిల్లలు మీ వేలి వెంబడి అద్దం పొడుగునా ఈదుతాయి. ముచ్చటగా ఉంటాయి, చవగ్గానే ఇస్తారు, రెండడుగుల తొట్టి చాలంటారు. చాలదు. ఏడాది తిరిగేలోపు అది అడుగుకు దగ్గరపడుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. కొనేముందు ఇంటికి వెళ్లి టేపు తీసి గోడ కొలవండి. ఆరడుగుల ఖాళీ, వారానికో పూట తీరిక ఉంటే తెచ్చుకోండి, ఇంతటి తెలివైన చేప మీకు ఇంకోటి దొరకదు. లేకపోతే గప్పీలు తెచ్చుకోండి.